బియ్యం సంచీ మీద ఆరు నెలలు

పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా అమ్మ వంటింట్లో నన్ను నిలదీసింది. ఆవిడ చేతిలో నా బియ్యం సంచీ ఉంది. జానెడు పొడవు, అంతకంటే కాస్త తక్కువ వెడల్పు, గట్టిగా దట్టించి కుట్టిన గుడ్డ సంచీ.

"ఏంటే ఇది? మంచి సన్నబియ్యం మూట కుట్టి రోజూ గుద్దుతున్నావంట? అల్లుడు చెప్పాడు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అంటారు, మర్చిపోయావా?"

"గుద్దడం కాదమ్మా, నెట్టడం."

"ఏదైతేనేం, తినేదాన్ని."

గుద్దడానికీ నెట్టడానికీ తేడా ఆవిడకి చెప్పలేకపోయాను. నాకు తెలియడానికే ఆరు నెలలు పట్టింది.

నేను ఫిజియోథెరపిస్టుని. 2015లో మా ఆయనకి షాంఘై ట్రాన్స్‌ఫర్ అయితే ఇక్కడి ఉద్యోగం మానేసి వెంట వెళ్ళాను. అక్కడ నా డిగ్రీతో ప్రాక్టీసు చెయ్యడానికి లేదు, ఇంట్లో ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. అలా ట్వేనా దగ్గరికి చేరాను. ట్వే అంటే నెట్టడం. నా అంటే పట్టుకుని పైకి లాగడం. చైనా సంప్రదాయ వైద్యంలో మూలికలు, సూదులు ఎలాగో ఇదీ అలాగే ఒక శాఖ. మూడేళ్ళ తర్వాత తిరిగొచ్చి విజయవాడలో చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. అప్పట్నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "మేడమ్, చైనీస్ హీలింగ్ మసాజ్ నేర్పిస్తారటగా? ఎన్ని రోజుల కోర్సు? సర్టిఫికెట్ ఇస్తారా?"

ఫోన్లో మర్యాదకి మింగేసిన మాటలన్నీ ఇక్కడ రాస్తున్నాను. ట్వేనా చేతివిద్య. వడ్రంగం, మృదంగం లాంటిదే ఇదీ. చేతికి పట్టుబడేదాకా అది మనకి వచ్చినట్టు కాదు. ఒంటి మీద నొక్కాల్సిన చోట్లు చూపే చార్టు మీద చుక్కలు బట్టీపట్టి, 'చీ' అనే ప్రాణశక్తి ప్రవాహం గురించి నాలుగు మాటలు నేర్చుకుని, ఆదివారం సాయంత్రానికల్లా "హీలర్" అయిపోవడం ఆ విద్యకి అవమానం. మనల్ని నమ్మి ఒళ్ళప్పగించిన మనిషికి ప్రమాదం కూడా. అలాగని మా ఫిజియో మిత్రులు చేసినట్టు "చైనావాళ్ళు 'చీ' అంటారు, మేం ఛీ అంటాం" అని జోకేసి పక్కన పెట్టేస్తే ఒక గొప్ప పనితనం మన చేతుల్లోంచి జారిపోతుంది. నాకు ఈ రెండు వర్గాలతోనూ పేచీ ఉంది.

షాంఘైలో మా మొదటి చలికాలం. ఒక ఉదయం మెడ పట్టేసి లేవలేకపోయాను. తల ఎడమవైపు తిప్పితే ప్రాణం పోతోంది. పక్క ఫ్లాట్ ఆవిడ నన్ను చూసి "లావ్‌జెన్" అంది. తలగడ మీంచి జారడమని ఆ మాటకి అర్థం. రాత్రి తలగడ మీంచి తల జారి, పొద్దున మెడ పట్టేయడాన్ని అలా అంటారు. మా నాయనమ్మ కూడా సరిగ్గా ఇదే చెప్పేది, దిండు తేడా చేసిందని. ఆవిడైతే ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళని పిలిపించి తన్నించుకోమనేది. ఆ పక్కింటావిడ మాత్రం నన్ను సందు చివర ఉన్న గుడ్డివాళ్ళ మసాజ్ కొట్టుకి తీసుకెళ్ళింది.

చైనాలో అంధులకి మసాజ్ నేర్పించి ఉపాధి చూపడం 1950ల నుంచీ ప్రభుత్వం పట్టించుకున్న పని. బీజింగ్‌లో 1958లో పెట్టిన మసాజ్ ఆసుపత్రి ఒకటుంది, అక్కడి డాక్టర్లలో చూపు లేనివాళ్ళు చాలామంది. మా సందులోది అంత పెద్దదేం కాదు. నాలుగు మంచాలు, ఒక రేడియో. నడివయసు మనిషి నా మెడ మీద బొటనవేలు పెట్టి, నెమ్మదిగా కిందికి జరుపుకుంటూ వెళ్ళి, భుజానికీ వెన్నుకీ మధ్య ఒకచోట ఆగాడు. నేను "అమ్మా" అన్నాను. ఆయన నవ్వి "ఆ షి" అన్నాడు.

ఆ మాట సంగతి తర్వాత తెలిసింది. 7వ శతాబ్దంలో సున్ సిమియావ్ అనే పెద్ద వైద్యుడు ఉండేవాడు. ఏ చార్టులోనూ లేని, నొక్కగానే రోగి "ఆఁ, అదే!" అనే చోట్లకి ఆయన రాతల్లో ఉన్న పేరే "ఆ షి". అర్థం కూడా దాదాపు అంతే, "ఆఁ, అవును" అని. మనవాళ్ళు "అబ్బా, అక్కడే, అక్కడే" అంటారు కదా, దాన్ని ఒక వైద్య పదం చేసి పుస్తకంలోకి ఎక్కించారు. నాకు ట్వేనా మీద మోజు పుట్టింది ఆ మాట దగ్గరే. మెరిడియన్ల మీద, అంటే ఒంట్లో చీ నడిచే దారులని వాళ్ళు చెప్పే గీతల మీద, ఉన్న 361 బిందువులకి పేర్లు, నంబర్లు పెట్టిన వాళ్ళే, రోగి నోటి నుంచి వచ్చిన "ఆఁ"కి కూడా చోటు ఉంచారు.

ఆ వసంతంలోనే విదేశీయులకి సాయంత్రాలు పాఠాలు చెప్పే ఒక చిన్న బడిలో చేరాను. ఫిజియోని కాబట్టి కండరాల పేర్లూ ఎముకల పేర్లూ నాకు వచ్చు, గబగబా ముందుకెళ్ళిపోవచ్చు అనుకున్నాను. మొదటి రోజు మా టీచరు, లావ్‌షి అని పిలిచేవాళ్ళం, తలా ఒక బియ్యం సంచీ చేతిలో పెట్టింది. అంతే. మనిషి లేడు, మంచం లేదు, నూనె లేదు.

సంచీ ముందు నిటారుగా కూర్చోవాలి. బొటనవేలి కొన దాని మీద ఆనించాలి. భుజం జారవిడవాలి, మోచెయ్యి వేలాడాలి, మణికట్టు గాల్లో తేలాలి, గుప్పిట గుల్లగా ఉండాలి, వేలు మాత్రం నిండుగా ఉండాలి. ఇప్పుడు ముంజేతిని అటూ ఇటూ ఊపితే ఆ ఊపు మణికట్టులోంచి దిగి బొటనవేలి కొసకి చేరాలి. వేలు సంచీ మీద జారకూడదు, గెంతకూడదు. నిమిషానికి 120 నుంచి 160 సార్లు. పక్కన లయ చూపే మెట్రోనోమ్ టిక్కుటిక్కుమంటూ ఉంటుంది. మొదటి రోజు రెండు నిమిషాలకి నా భుజం చెవి దగ్గరికి వచ్చేసింది. లావ్‌షి వచ్చి భుజం మీద చెయ్యేసి కిందికి నొక్కింది. మళ్ళీ లేచింది, మళ్ళీ నొక్కింది. మూడు వారాల పాటు మా ఇద్దరి మధ్యా జరిగిన సంభాషణ అదే.

ఈ పద్ధతి పేరు యి జి చాన్. "యి జి" అంటే ఒక వేలు. "చాన్" మన మాటే. సంస్కృతం ధ్యానం పాళీలో ఝాన అయింది, చైనాకి వెళ్ళి చాన్ అయింది, జపాన్‌లో జెన్ అయింది. అంటే ఇది ఒక్కవేలి ధ్యానం. పేరు వినగానే అగరొత్తులు, వేణునాదం గుర్తొస్తాయి గానీ, అసలు జరిగేది మణికట్టు నొప్పీ, గోరు పక్కన చర్మం లేచిపోవడమూ. ధ్యానం అని ఎందుకన్నారో నాలుగో నెలలో కొంచెం అర్థమైంది. ఒకరోజు మెట్రోనోమ్ ఆగిపోయింది, నేను గమనించలేదు, చెయ్యి అదే లయలో పోతూనే ఉంది. అంతకుమించి గొప్ప అనుభవమేదీ నాకు కలగలేదు, కలిగిందని చెప్పను.

మొదట్లో సంచీ బిగువుగా కుడతారు. చెయ్యి కుదురుకున్నకొద్దీ వదులు చేస్తారు. వదులు సంచీ కష్టం. బియ్యం పక్కకి తప్పుకుంటూ ఉంటుంది, ఊపు సమంగా లేకపోతే వేలి కింద గుంట పడిపోతుంది. మనిషి ఒళ్ళు కూడా అంతే కదా, నొప్పి ఉన్న కండరం వేలి కిందనుంచి పారిపోతుంది. దాన్ని తరమకూడదు, వచ్చేదాకా ఉండాలి. ఎక్కువసేపు, బలంగా, సమంగా, మెత్తగా, లోతుగా. ఈ ఐదూ ఒకే చేతిలో ఉండాలంటారు. విడివిడిగా ఏదైనా ఎవరైనా చెయ్యగలరు. బలంగా చేస్తూ మెత్తగా ఉండడమే కష్టం. మన పిండి వంటలు చేసే ఆడవాళ్ళకి ఇది తెలుసు. అరిసె వత్తేటప్పుడు చెయ్యి బలంగా దిగాలి, కానీ వేలిముద్ర పడకూడదు.

మూడో నెలలో గున్ ఫా. చేతి వెనుక భాగాన్ని, చిటికెనవేలి వైపు నుంచి, రోగి వీపు మీద చపాతీ కర్రలా దొర్లించడం. ఇదేదో రెండువేల ఏళ్ళ నాటి రహస్యం అనుకున్నాను. తీరా చూస్తే 1940ల నాటిది. ఒక్కవేలి పద్ధతి చేసే కుటుంబంలో పుట్టిన డింగ్ జీఫెంగ్ అనే షాంఘై వైద్యుడు, బొటనవేలికి అందే చోటు మరీ చిన్నదిగా ఉందని, పెద్ద కండరాల మీద బలం చాలడం లేదని, చేతి వెనుక భాగాన్ని వాడటం మొదలుపెట్టాడు. నాకు ఇది చాలా నచ్చింది. వేల ఏళ్ళ ప్రాచీన విద్య అని అమ్ముతున్న దాంట్లో, ఇవాళ ప్రతి ఆసుపత్రిలోనూ వాడే పద్ధతి మా తాతల కాలంలో ఒక పనిమంతుడు తన చేతి ఇబ్బంది లోంచి కనిపెట్టింది. బతికున్న విద్య ఇలాగే ఉంటుంది. "ఋషులు చెప్పారు, మార్చకూడదు" అన్నచోట పనిమంతులు మిగలరు, పూజారులు మిగులుతారు.

ఆరో నెలలో గానీ మనిషిని ముట్టుకోనివ్వలేదు. మొదటి మనిషి లావ్‌షియే. తన ముంజెయ్యి చాపి "చెయ్యి" అంది. చేశాను. పది నిమిషాలయ్యాక "నువ్వు భయపడుతున్నావు, నా ఎముకకి తెలుస్తోంది" అంది. సంచీ ఆ మాట చెప్పదు.

'చీ' గురించి అడగకుండా ఉండలేకపోయాను. ఒళ్ళంతా 12 ముఖ్య మార్గాల్లో చీ ప్రవహిస్తుంది, అది అడ్డుపడితే నొప్పి, నొక్కితే అడ్డు తొలుగుతుంది అని పాఠం. నా ఫిజియో బుర్రకి మింగుడుపడలేదు. "ఇది నిజంగా ఉందంటారా?" అన్నాను. లావ్‌షి విసుక్కుంది. "పరీక్షలో అడుగుతారు, అక్కడ రాయి. పేషెంటు నడుము అడగదు" అంది.

ఇంతవరకూ నాకు దొరికిన వాటిలో మంచి జవాబు అదే. నా మటుకు నేను చీని ఒక పాత మ్యాపులా వాడతాను. దాంట్లో ఉన్న నది నేల మీద లేకపోవచ్చు, కానీ ఆ గీత వెంట నడిచినవాళ్ళు చాలామంది, ఎక్కడ ఊళ్ళున్నాయో వాళ్ళకి తెలుసు. ఉదాహరణకి "నడుము, వీపు నొప్పికి వెయ్‌చోంగ్‌ని వెతుకు" అని వాళ్ళకో పాత పద్యపాదం ఉంది. వెయ్‌చోంగ్ మోకాలి వెనక మడత మధ్యలో ఉంటుంది. నడుము నుంచి కాలి వెనకగా దిగే సయాటిక్ నరం సంగతి తెలిసిన వాళ్ళెవరికైనా ఇది వింతగా అనిపించదు. అలాగని ప్రతి చుక్కకీ ఒక నరం వెతికి పెట్టి "చూశారా, సైన్స్ ఒప్పుకుంది" అనడం కూడా నాకు ఇష్టముండదు. కుదిరింది కుదిరింది, కుదరనిది కుదరలేదు.

కొలతలు మాత్రం మనవే అనిపించాయి. వాళ్ళ "త్సున్" అంటే రోగి బొటనవేలి వెడల్పు. నాలుగు వేళ్ళు కలిపితే 3 త్సున్. మోకాలి చిప్ప కింద బయటవైపు గుంట నుంచి బెత్తెడు కిందికి వెళితే జూసాన్‌లీ అనే పేరున్న బిందువు. బెత్తెడు అన్న మాట మనం ఎలా వాడతామో సరిగ్గా అంతే. వైద్యుడి బెత్త కాదు, రోగి బెత్త. మన ఆయుర్వేదంలోనూ ఎవరి ఒంటిని వాళ్ళ అంగుళాలతోనే కొలుస్తారు. పసిపిల్లాడి జూసాన్‌లీని నా లావుపాటి వేళ్ళతో కొలిస్తే అది చీలమండలోకి పోతుంది.

మన ఊసు వచ్చింది కాబట్టి సున్ సిమియావ్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాలి. ఆయన పుస్తకంలో "తియెన్‌జూ దేశపు మసాజ్ పద్ధతి" అని ఒక అధ్యాయం ఉంది. తియెన్‌జూ అంటే ఇండియా. "ఇది బ్రాహ్మణుల పద్ధతి" అని పక్కనే రాసుకున్నాడు. మొత్తం 18 కదలికలు. రెండు చేతులూ పట్టుకుని కడుక్కుంటున్నట్టు మెలిపెట్టడం, బరువైన విల్లు లాగుతున్నట్టు చేతులు చాపడం, రెండు చేతులూ నేలకి ఆనించి వీపు వంచి పైకి మూడుసార్లు లేవడం, ఇలాంటివి. ముసలివాళ్ళు రోజుకి మూడుసార్లు చేస్తే నెల తిరిగేసరికి పరిగెత్తే గుర్రంలా నడుస్తారట. ఇది చదివినప్పుడు గర్వం కంటే ముందు నాకు ఒక మనిషి గుర్తొచ్చింది.

మా ఊళ్ళో మంత్రసాని ఉండేది. పిల్లలు పుడితే నెలరోజులు ఆవిడే వచ్చి నీళ్ళు పోసేది. కాళ్ళు బారచాపి కూర్చుని, బిడ్డని పిక్కల మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, చేతులూ కాళ్ళూ ఎదురెదురుగా మడిచి, వీపు మీద రెండు బొటనవేళ్ళతో కింద నుంచి పైకి చర్మాన్ని పట్టుకుంటూ వెళ్ళేది. షాంఘైలో పసిపిల్లల ట్వేనా పాఠం వచ్చినప్పుడు వెన్నెముక వెంట చర్మాన్ని చిటికెతో పట్టుకుని దొర్లించుకుంటూ పైకి వెళ్ళడం నేర్పారు. మూడు చిటికెలకి ఒకసారి పైకి లాగాలి. నేను చెయ్యగానే లావ్‌షి "ఇంతకు ముందు నేర్చుకున్నావా?" అంది. నేర్చుకోలేదు. నా తమ్ముడికి చేస్తుంటే చూశాను.

ఆ మంత్రసానికి మా ఇంట్లో ఇచ్చింది కుంచెడు బియ్యం, పాత చీర. మంచినీళ్ళు వేరే గ్లాసులో పోసేవాళ్ళు. ఆ గ్లాసు దొడ్లో గోడ మీద బోర్లించి ఉండేది. నా ఒళ్ళంతా పట్టిన చేతులకి మా ఇంటి గ్లాసు పట్టుకునే వీల్లేదు. ఆవిడ కూతురు ఆ పని నేర్చుకోలేదు, టైలరింగ్ నేర్చుకుంది. మంచిపని చేసింది. ఆవిడ చేతిలో ఉన్నది ఆవిడతోనే పోయింది. తియెన్‌జూ పద్ధతి గురించి ఎవరైనా గొప్పగా చెప్పబోతే నేను ముందు ఆ గ్లాసు సంగతి చెబుతాను.

చైనాలోనూ ఒళ్ళు పట్టే పనికి అన్ని కాలాల్లోనూ పూలదండలే వెయ్యలేదు. తాంగ్ రాజుల కాలంలో రాజవైద్యశాలలో మసాజ్‌కి ప్రత్యేక విభాగం, ఆచార్యుడు, విద్యార్థులు ఉండేవాళ్ళు. మింగ్ కాలంలో, 1571లో, ఆ విభాగాన్ని తీసేశారు. ఒళ్ళు ముట్టుకోవడం మర్యాద కాదన్న పట్టింపు దానికొక కారణమంటారు. ఆ తర్వాత అది క్షురకుల చేతుల్లో, స్నానశాలల్లో, పసిపిల్లల వైద్యంలో బతికింది. ట్వేనా అన్న పేరు కూడా ఆ మింగ్ కాలపు పిల్లల వైద్యం నుంచే వ్యాపించింది. 1929లో అప్పటి ప్రభుత్వ సలహాదారులు సంప్రదాయ వైద్యాన్నే మొత్తంగా ఎత్తేయాలని తీర్మానించారు, వైద్యులు రోడ్డెక్కితే ఆగింది. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి డాక్టర్లు చాలలేదు. అభిమానం కొంత, అవసరం ఎక్కువ. 1956లో షాంఘైలో ట్వేనా శిక్షణ తరగతి పెట్టారు, 1958కల్లా అది స్కూలూ క్లినిక్కూ అయింది. ఒక్కవేలి పద్ధతికి పేరుమోసిన ఝు చున్‌టింగ్ లాంటి వాళ్ళని ఇళ్ళలోంచి తీసుకొచ్చి పాఠాలు చెప్పించారు. ఇవాళ అక్కడ సూదులూ ట్వేనా కలిపి ఐదేళ్ళ డిగ్రీ ఉంది. పార్లర్‌లో మసాజ్ చేసేవాళ్ళు వేరు, ఆసుపత్రిలో ట్వేనా డాక్టరు వేరు.

మనం ఆ పని చెయ్యలేదు. సుశ్రుతుడు ఒంట్లో 107 మర్మాలు, అంటే ఆయువుపట్లు, లెక్కపెట్టాడని ఉపన్యాసాలు ఇస్తాం. విరిగిన ఎముకకి కట్టు కోసం ఇప్పటికీ దూరం నుంచి పుత్తూరు వెళతాం. మంత్రసానిని మాత్రం ఏ కాలేజీకీ పిలవలేదు. చైనా నుంచి మనకి సూదులు వచ్చాయి. 1938లో వైద్య సాయానికి అక్కడికి వెళ్ళిన ఐదుగురు భారతీయ డాక్టర్లలో ఒకరైన బిజయ్ కుమార్ బసు తర్వాత ఆక్యుపంక్చర్ నేర్చుకొచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. సూది వచ్చింది, చెయ్యి రాలేదు. సూదికి స్టీలు మెరుపు ఉంది. ఒళ్ళు పట్టడం అంటే మనకి ఇప్పటికీ పాలేరు పని, లేదా స్పా. మధ్యలో ఏమీ లేదు. మన భాషే చూడండి. కాళ్ళు పట్టడం సేవ, కాళ్ళు పట్టుకోవడం దేబిరింపు. ఆ క్రియలో వైద్యానికి చోటెక్కడుంది?

ఆ ఖాళీలోకే "హీలింగ్" వచ్చి కూర్చుంది. తిరిగొచ్చిన కొత్తలో కుతూహలం కొద్దీ నేనూ ఒక రెండు రోజుల కోర్సుకి వెళ్ళాను. ఫంక్షన్ హాలు, ఏసీ, మధ్యాహ్నం భోజనంలో పనీర్. శనివారం పొద్దున ప్రొజెక్టర్ మీద మెరిడియన్లు, మధ్యాహ్నం పంచభూతాలు. ఆదివారం పొద్దున ఒకరి వీపు ఒకరు రుద్దుకోవడం, సాయంత్రం సర్టిఫికెట్లు. నా పక్కనున్నాయన రిటైర్డ్ ఉద్యోగి, మంచి మనిషి. నా వీపు మీద రెండు అరచేతులూ గాల్లో పెట్టి "వేడి తెలుస్తోందా అమ్మా?" అన్నారు. ఏసీ చలికి నిజంగానే తెలిసింది. ఏ జబ్బుకి చెయ్యకూడదో అని ఆ రెండు రోజుల్లో ఒక్క మాట రాలేదు. నేను లేచి అడిగితే "పాజిటివ్‌గా ఆలోచించండి" అన్నారు.

చెయ్యకూడని చోటు తెలియడమే సగం చదువు. ఇది నేను గొప్పకి చెప్పడం లేదు, సిగ్గుతో చెబుతున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పిన్నిగారు డాలస్‌లో కూతురి దగ్గర ఆరు నెలలుండి తిరిగొచ్చారు. దాదాపు రోజంతా విమానాల్లో కూర్చునే వచ్చారు. మూడో రోజు మా ఇంటికి వచ్చి "కుడి పిక్క ఒకటే లాగేస్తోందమ్మా, నీ చైనా వైద్యమేదో చెయ్యి" అన్నారు. సోఫాలో కూర్చోబెట్టి, కబుర్లు చెబుతూ, పిక్క మధ్యలో ఉన్న చెంగ్‌షాన్ మీద బొటనవేలు పెట్టి రెండుసార్లు నొక్కాను. మూడోసారి పెట్టేసరికి ఆ కాలు వెచ్చగా తగిలింది. అప్పుడు ఎడమ కాలు చూశాను. అది ముందు చూడాల్సింది. టేపు తెచ్చి కొలిస్తే కుడి పిక్క మూడు సెంటీమీటర్లకి పైనే ఎక్కువుంది. "పిన్నిగారూ, కదలకండి, బాబాయిగారిని పిలవండి" అన్నాను. డాప్లర్ స్కాన్ చేయిస్తే లోపలి సిరలో గడ్డ. ఇంకాస్త ఉత్సాహంగా నొక్కి ఉంటే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయేదేమో. ఆవిడ రక్తం పలచబడే మందులు వాడి కోలుకున్నారు, ఇప్పటికీ కనపడితే "నా ప్రాణం కాపాడావమ్మా" అంటారు. ఆ రెండు నొక్కుల సంగతి నేను ఆవిడకి చెప్పలేదు.

మెడ విరవడం ఇంకో గొడవ. మన సెలూన్లలో తల మసాజ్ అయ్యాక గడ్డం పట్టుకుని టక్కున తిప్పుతారు కదా, ట్వేనాలోనూ బాన్ ఫా అని అలాంటివి ఉన్నాయి. మెడ వెన్నుపూసల్లోని రంధ్రాల గుండా రెండు ధమనులు మెదడుకి వెళతాయి. మెడ హఠాత్తుగా మెలిపడితే వాటి లోపలి పొర చిరిగి, అక్కడ గడ్డకట్టి, పక్షవాతం రావచ్చు. వయసులో ఉన్నవాళ్ళకి కూడా. ఇది అరుదే. మెడ చికిత్సలకీ ఈ చిరుగుడికీ సంబంధం కనిపిస్తోందని, ఆ ముప్పు గురించి పేషెంట్లకి ముందే చెప్పాలని 2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఒక ప్రకటన ఇచ్చింది. నేను మెడ మీద బాన్ ఫా చెయ్యను. నేర్చుకున్నాను, చెయ్యను. ఆ శబ్దంతో వచ్చే సుఖం కోసం అంత పందెం అక్కర్లేదు.

పనిచేస్తుందా మరి? నడుము నొప్పికి మసాజ్ మీద 2015లో వచ్చిన కోక్రేన్ (వైద్య పరిశోధనల్ని బేరీజు వేసే సంస్థ) సమీక్ష 25 పరీక్షల్ని కలిపి చూసి, కొన్నాళ్ళపాటు కొంత ఉపశమనం కనిపిస్తోంది గానీ ఆధారాలు బలహీనమని తేల్చింది. నా క్లినిక్‌లో చూసేదీ దాదాపు అదే. షుగర్ ఉన్నవాళ్ళకి భుజం బిగుసుకుపోవడం మామూలు. చైనాలో దాన్ని యాభై ఏళ్ళ భుజం అంటారు. అలాంటి భుజం మీద 20 నిమిషాలు గున్ ఫా చేస్తే ఆ పూట చెయ్యి కాస్త పైకి లేస్తుంది. ఆ కాస్త దొరికిన గంటలో వ్యాయామం చేయిస్తేనే లాభం. ఊరికే ఒళ్ళు పట్టించుకుని ఇంటికెళ్ళి పడుకుంటే మర్నాటికి భుజం మళ్ళీ మొదటికే. జ్వరమొచ్చిన పిల్లాడికి ముంజెయ్యి రుద్దితే జ్వరం దిగుతుందని పాఠంలో ఉంది. నేను పిల్లల డాక్టరు దగ్గరికి పంపిస్తాను. క్యాన్సర్ తగ్గిస్తారా అని ఫోన్ చేసినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాదు, వాళ్ళకి ఆ ఆశ పెట్టినవాళ్ళ మీద వస్తుంది.

పోయినేడాది నేను కూడా నేర్పడం మొదలుపెట్టాను. ఆరు నెలలు, వారానికి మూడు సాయంత్రాలు, మొదటి రెండు నెలలూ సంచీ మాత్రమే, సర్టిఫికెట్ లేదు అని చెప్పాను. పదకొండు మంది ఫోన్ చేశారు. నలుగురు వచ్చారు. ఇద్దరు రెండో వారం మానేశారు, ఒకాయన నెల తర్వాత "మేడమ్, మనిషి మీద ఎప్పుడు?" అని అడిగి మానేశారు. మిగిలింది ఒక్క అమ్మాయి, ఇరవై రెండేళ్ళు ఉంటాయి, బ్యూటీ పార్లర్‌లో హెయిర్ వాష్, హెడ్ మసాజ్ చేస్తుంది. పొద్దుటి నుంచి నిలబడి నిలబడి వచ్చి, మళ్ళీ సంచీ ముందు కూర్చునేది. పదో నిమిషంలో చెయ్యి వణికేది. "అక్కా, పడిపోతోంది" అనేది. మూడో నెలకి ఆ మాట మానేసింది. నాకంటే దానికే తొందరగా భుజం దిగింది. మెడ సంగతి చెప్పిన మర్నాడే పార్లర్‌లో మెడ తిప్పడం ఆపేసింది.

పోయిన వారం ఫోన్ చేసింది. కస్టమర్లు "ఆ టక్కుమనేది చెయ్యవా?" అని అడుగుతున్నారట. చెయ్యనంటే మొహం ముడుచుకుని వెళుతున్నారట. ఓనరు కూడా ఒకసారి పిలిచి అడిగిందట. "అక్కా, టిప్పులు సగానికి పడిపోయినయ్" అంది.

ఏం చెప్పాలో తోచక, సంచీ ఎలా ఉందని అడిగాను. పురుగు పట్టిందట. విప్పి డాబా మీద ఎండబోసిందట, సాయంత్రం మళ్ళీ కుట్టుకుంటానంది.